గిట్‌లో కామెంట్ గుర్తు మార్చుకునే సదుపాయం: మా ఆఫీసులో వాడి చూశాక

ప్రోగ్రాములో చేసే మార్పుల చరిత్రని దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ గిట్. అందులో కమిట్ మెసేజ్‌ను, అంటే ఒక్కో మార్పుకీ రాసే వివరణని, ఎడిటర్‌లో రాస్తే, # (హ్యాష్) గుర్తుతో మొదలైన లైను ఏదీ నిలవదు. అది కామెంటు అనుకుని గిట్ తీసేస్తుంది. ఇది గిట్ వాడే ప్రతివాళ్లూ మొదటి వారంలోనే చూస్తారు. ఆ గుర్తుని మనకి కావలసినట్టు మార్చుకోవచ్చన్న సంగతి మాత్రం ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. ఆ సెట్టింగు పేరు కోర్.కామెంట్‌చార్. 2013 మార్చిలో వచ్చిన 1.8.2 వెర్షన్ నుంచీ ఉంది. మా ఆఫీసులో దీన్ని రకరకాలుగా పెట్టి చూశాం. ఏది పనికొచ్చింది, ఏది నమ్మించి ముంచుతుంది అన్నది వివరంగా రాస్తున్నాను. తెలుగులో కమిట్ మెసేజ్‌లు రాసేవాళ్లకి ఇందులో ప్రత్యేకంగా ఒక మంచి విషయం, ఒక ప్రమాదం రెండూ ఉన్నాయి.

మాది భీమవరం. రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ చేస్తాం. మేత ఎంత పడింది, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంతుంది, పట్టుబడి రోజున కౌంట్ ఎంతొచ్చింది... ఉండి, ఆకివీడు వైపు రైతులు ఫోన్‌లో నమోదు చేసేవి ఇవే. వాళ్లు చెప్పే ప్రతి ఇబ్బందికీ ఒక టికెట్ నంబరు పడుతుంది. దానికి సంబంధించిన కమిట్ మెసేజ్ ఆ నంబరుతోనే మొదలవ్వాలి. ‘#214 రాత్రి మేత మొత్తంలో కలవడం లేదు’ అన్నట్టు. “పోయిన పంటలో బాగు చేశామన్నారు కదండీ, మళ్లీ అదే వస్తోంది” అని రైతు ఫోన్ చేస్తే, నంబరు కొట్టి వెతికితే ఆ మార్పు వెంటనే దొరకాలి. ఆయన చెరువు గట్టు మీద నిలబడి మాట్లాడుతుంటాడు, అవతల మేత వేసే టైమైపోతుంటుంది. అందుకే మెసేజ్‌లో నంబరు లేకపోవడం మాకు చిన్న విషయం కాదు.

ఇక్కడ చిక్కేమిటంటే, హ్యాష్‌తో మొదలైన లైను ఒక దారిలో వెళ్తే నిలుస్తుంది, ఇంకో దారిలో వెళ్తే పోతుంది. కమాండ్ లైన్‌లో -ఎం పెట్టి మెసేజ్ అక్కడే ఇస్తే ఎడిటర్ తెరుచుకోదు. అప్పుడు గిట్ అనవసరమైన ఖాళీలు మాత్రమే సర్దుతుంది, హ్యాష్ లైన్ల జోలికి రాదు. ఎడిటర్ తెరుచుకుంటే మాత్రం, మూసిన వెంటనే హ్యాష్‌తో మొదలైన లైన్లన్నీ తీసేస్తుంది. అంటే -ఎం తో ఇచ్చిన #214 లాగ్‌లో (కమిట్ల జాబితాలో) శుభ్రంగా కనిపిస్తుంది. మర్నాడు ఒక అక్షరం సరిచేద్దామని అమెండ్ (చివరి కమిట్‌ని సరిదిద్దే ఆప్షన్) కొడితే ఎడిటర్ వస్తుంది, సేవ్ చేస్తే ఆ లైను మాయం. రీబేస్‌లో (పాత కమిట్లను మళ్లీ పేర్చే పనిలో) రీవర్డ్ అని మెసేజ్ మార్చినా, రెండు కమిట్లను స్క్వాష్ చేసి ఒకటిగా కలిపినా ఇదే తంతు.

మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడొకడు వచ్చి, “అక్కా, నంబరు పెట్టాను. నిన్న లాగ్‌లో కూడా చూశాను. ఇవాళ చూస్తే లేదేంటక్కా?” అన్నాడు. అబ్బాయి చెప్పింది నిజమే, నిన్న ఉంది. మెసేజ్‌లో ఆ ఒక్క లైనే ఉంటే కాస్త నయం: అది తీసేశాక ఏమీ మిగలదు కాబట్టి, మెసేజ్ ఖాళీగా ఉందని గిట్ కమిట్‌ని ఆపేస్తుంది, సంగతి మనకి తెలుస్తుంది. కింద ఇంకో రెండు లైన్ల వివరణ ఉందంటే ఏ హెచ్చరికా రాదు. వివరణలో మొదటి లైను పైకొచ్చి శీర్షికై కూర్చుంటుంది. చూసేవాళ్లకి అది మామూలు కమిట్‌లాగే ఉంటుంది.

ఒకసారికి గట్టెక్కాలంటే సులువైన దారులున్నాయి. హ్యాష్ ముందు ఒక్క స్పేస్ కొడితే చాలు, గిట్ ఆ లైను ముట్టుకోదు. లైను మొట్టమొదటి స్థానంలో ఉన్న గుర్తునే అది చూస్తుంది. కానీ శీర్షిక ముందు ఖాళీ అలాగే ఉండిపోయి లాగ్‌లో వంకరగా కనిపిస్తుంది. ఇంకా మంచిది, ఆ ఒక్క కమాండ్‌కి మాత్రమే గుర్తు మార్చడం: గిట్ -సి కోర్.కామెంట్‌చార్=";" కమిట్ --అమెండ్. కాన్ఫిగ్‌లో (గిట్ సెట్టింగుల ఫైలులో) ఏమీ మారదు, ఆ ఎడిటర్ వరకే సెమీకోలన్ కామెంటు అవుతుంది, #214 అక్షరం పోకుండా ఉంటుంది. పాత కమిట్లు సరిచేసేటప్పుడు నేనిప్పటికీ ఇదే వాడతాను.

శాశ్వతంగా మార్చాలంటే గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ తో పెట్టుకోవాలి. కమాండ్ ద్వారా పెడితే గోల లేదు. కాన్ఫిగ్ ఫైలు తెరిచి చేత్తో రాస్తే మాత్రం సెమీకోలన్‌ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి, ఎందుకంటే ఆ ఫైలులో హ్యాష్, సెమీకోలన్ రెండూ కామెంట్లే. కొటేషన్ లేకపోతే అక్కడినుంచి లైను చివరిదాకా గిట్ చదవదు.

ఏ గుర్తు పెట్టుకోవాలన్నది మీరు మెసేజ్‌లు ఎలా రాస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. హైఫన్, నక్షత్రం గుర్తు వద్దే వద్దు. కింద పాయింట్లు రాసే అలవాటుంటే ఆ పాయింట్లన్నీ ఎగిరిపోతాయి. > గుర్తు మాకు కుదరలేదు, రైతు చెప్పిన మాటని ఉన్నదున్నట్టు దాని వెనక పెడతాం. ఇంగ్లీషు అక్షరాలు అసలు పెట్టకూడదు. రీబేస్ జాబితాలో ప్రతి లైనూ పిక్, స్క్వాష్, ఎగ్జెక్ లాంటి మాటతో మొదలవుతుంది, అక్కడ కూడా కామెంట్లని ఇదే గుర్తుతో గుర్తిస్తుంది. ఒక్క అక్షరమే పెట్టుకోవాల్సి వస్తే సెమీకోలన్ మేలు. తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ దానితో ఎవరూ లైను మొదలుపెట్టరు.

గుర్తు మార్చడం ఒక నిమిషం పని. దాన్ని నమ్ముకున్న మిగతా సరంజామా అంతా మార్చడమే అసలు పని. ఈ విషయం గిట్ మీకు చెప్పదు, అదే నా పెద్ద ఫిర్యాదు.

మాకో కమిట్ టెంప్లేట్ ఉంది. ఎడిటర్ తెరవగానే మూడు లైన్లు కనిపిస్తాయి: ‘# మొదటి లైను: టికెట్ నంబరు, ఏం మారింది’, ‘# రైతు ఏమన్నారు, వాళ్ల మాటల్లోనే’, ‘# ఏ చెరువు లెక్కల మీద సరిచూశారు’. కామెంట్ గుర్తు సెమీకోలన్ అయ్యాక ఈ మూడూ గిట్ దృష్టిలో కామెంట్లు కావు, మీరు రాసిన మెసేజే. టెంప్లేట్‌ని గిట్ దానంతట అది మార్చదు. చూసుకోకుండా సేవ్ చేస్తే ‘ఏ చెరువు లెక్కల మీద సరిచూశారు’ అన్న ప్రశ్న చరిత్రలో శాశ్వతంగా ఉండిపోతుంది. హుక్‌లదీ (కమిట్ చేసేటప్పుడు గిట్ తనంతట తాను నడిపే చిన్న స్క్రిప్టులు) అదే కథ. కమిట్ మెసేజ్‌ని తనిఖీ చేసే హుక్ చేతికి వచ్చేది శుభ్రం చేయని ఫైలు, కామెంట్లతో సహా. అందుకని చాలామంది హుక్‌లో ముందు హ్యాష్‌తో మొదలైన లైన్లు తీసేసి తర్వాత తనిఖీ చేస్తారు. మీరు గుర్తు మార్చినా ఆ హుక్‌కి తెలియదు. #214 ని అదే తీసేసి, టికెట్ నంబరు లేదని కమిట్‌ని తిప్పి పంపుతుంది.

దీనికి సరైన మందు గిట్‌లోనే ఉంది, పేరు స్ట్రిప్‌స్పేస్. దాన్ని మెచ్చుకునేవాళ్లు తక్కువ, నాకు మాత్రం చాలా ఇష్టం. -ఎస్ పెడితే ప్రస్తుతం మీ కాన్ఫిగ్‌లో ఏ గుర్తుంటే ఆ గుర్తు లైన్లు తీసేస్తుంది. -సి పెడితే ఇచ్చిన ప్రతి లైనుకీ ముందు ఆ గుర్తుని తగిలిస్తుంది. అందుకని టెంప్లేట్‌ని ఏ గుర్తూ లేని మామూలు పాఠంగా పెట్టి, ప్రిపేర్-కమిట్-మెసేజ్ హుక్‌లో స్ట్రిప్‌స్పేస్ -సి గుండా పంపి ఎడిటర్‌లోకి దించాం. తనిఖీ చేసే హుక్‌లో హ్యాష్ ప్రస్తావనే లేదు, స్ట్రిప్‌స్పేస్ -ఎస్ ఉంది. ఇక ఎవరు ఏ గుర్తు పెట్టుకున్నా రెండూ వాళ్ల గుర్తునే పాటిస్తాయి. మీరు ఈ సెట్టింగు ముట్టుకునే ఉద్దేశం లేకపోయినా సరే, మీ హుక్‌లు ఇలా మార్చిపెట్టమని చెప్తాను.

ఆటో గురించి. 2014లో కామెంట్‌చార్ సెట్టింగుకి ఆటో అనే విలువ చేర్చారు. పేరు వినగానే ప్రాణం లేచొస్తుంది: మెసేజ్‌లో లేని గుర్తుని గిట్టే వెతికి ఎంచుకుంటుంది. దాని దగ్గర # తో మొదలై, ; @ ! $ % ^ & | : అన్న వరుస ఉంటుంది. మెసేజ్‌లో ఏ లైనూ దేనితో మొదలవ్వలేదో చూసి దాన్ని తీసుకుంటుంది. అమెండ్ విషయంలో ఇది బాగానే పనిచేస్తుంది, #214 అప్పటికే మెసేజ్‌లో ఉంది కాబట్టి హ్యాష్‌ని వదిలేసి సెమీకోలన్‌కి వెళ్తుంది. కానీ అది చూసేది ఎడిటర్ తెరవకముందు ఉన్న మెసేజ్‌ని. కొత్త కమిట్‌కి అక్కడ ఏమీ ఉండదు, హ్యాష్‌నే ఉంచుతుంది. మీరు ఎడిటర్‌లో #215 అని కొడతారు, సేవ్ చేస్తారు, లైను పోతుంది. ఆటో పెట్టుకున్నాను కదా అన్న ధైర్యంతో మీరు మళ్లీ చూసుకోరు కూడా. ఇది అసలు లేకపోవడం కన్నా హాని.

టెంప్లేట్ ఉంటే ఇంకో రకం. టెంప్లేట్ లైన్లన్నీ హ్యాష్‌తో మొదలయ్యాయి కాబట్టి ఆటో వాటిని మీ మెసేజ్ అనుకుని, వాటిని కాపాడాలని సెమీకోలన్‌కి జరుగుతుంది. దాంతో టెంప్లేట్‌లోని సూచనలన్నీ కమిట్‌లోకి వచ్చేస్తాయి. పోవలసింది ఉంటుంది, ఉండవలసింది పోతుంది. గిట్ 3.0లో ఈ ఆటోని తీసేస్తామని గిట్ వాళ్లే ప్రకటించారు, అది సరైన నిర్ణయం. మీ కాన్ఫిగ్‌లో ఉంటే ఇవాళే తీసేయండి. ఈ ఒక్కదానికి నేను మార్కులేమీ ఇవ్వలేను.

2024 ఏప్రిల్‌లో వచ్చిన 2.45 తో ఈ సెట్టింగు నిజంగా మంచి సరుకైంది. అంతకుముందు ఒకే ఒక్క ఆస్కీ అక్షరం (ఇంగ్లీషు కీబోర్డు మీద ఉండే మామూలు అక్షరమో గుర్తో) పెట్టనిచ్చేది. తెలుగు అక్షరం ఏదైనా యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలని దాచే పద్ధతి) 3 బైట్లు తీసుకుంటుంది, అందుకని ‘గ’ అని ఒక్కటి పెట్టినా ఒప్పుకునేది కాదు. జెఫ్ కింగ్ చేసిన మార్పులతో ఆ గిరి చెరిపేశారు. ఇప్పుడు ఎన్ని అక్షరాలైనా, ఏ లిపిలోవైనా పెట్టొచ్చు, మధ్యలో కొత్త లైను మాత్రం ఉండకూడదు. పేరు కూడా కోర్.కామెంట్‌స్ట్రింగ్ అని ఇంకోటి ఇచ్చారు, పాతదీ కొత్తదీ ఒకదానికొకటి మారుపేర్లే.

ఆ వెర్షన్ రాగానే నేను పెట్టుకున్నది ‘గమనిక:’. ఎడిటర్ తెరిస్తే గిట్ చెప్పే మాటలన్నిటికీ ముందు ‘గమనిక:’ అని, ఒక ఖాళీ, తర్వాత దాని ఇంగ్లీషు వాక్యం. ఏ బ్రాంచిలో ఉన్నాను, ఏ ఫైళ్లు మారాయి, అన్నిటికీ అదే. కమిట్ -వి కొట్టి మార్పులన్నీ కింద చూసుకుంటూ రాసేటప్పుడు వచ్చే కత్తెర గీత ఉంది కదా, >8 గుర్తుతో, అది కూడా ‘గమనిక:’ తోనే మొదలవుతుంది. మెసేజ్ ఎక్కడ ఆగింది, గిట్ మాట ఎక్కడ మొదలైంది అన్నది కొత్తవాళ్లకి చెప్పక్కర్లేదు, చదివితే తెలిసిపోతుంది. హ్యాష్ ఉన్నన్నాళ్లూ ఈ తేడా ప్రతి కొత్త కుర్రాడికీ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని చెప్పేదాన్ని.

ఆ చివరి కోలన్ మాత్రం మర్చిపోవద్దు. గిట్ మాటని మాటగా చూడదు, లైను ఆ బైట్లతో మొదలైందా లేదా అన్నదే చూస్తుంది. కోలన్ లేకుండా ‘గమనిక’ అని పెడితే, ‘గమనికల పేజీలో తేదీ తప్పు వస్తోంది’ అని మీరు రాసిన లైను కూడా దానితోనే మొదలైంది కాబట్టి తీసేస్తుంది. తెలుగులో మాటకి ప్రత్యయాలు వెనక చేరతాయి: గమనికలు, గమనికలో, గమనికని, అన్నీ అదే మొదలుతో. కాబట్టి తెలుగు మాట ఏది పెట్టినా వెనక ఒక విరామ చిహ్నం తప్పనిసరి. ఇంకొకటి, ఐత్వం ఉన్న మాట వద్దు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, బైట్లు వేరు, గిట్‌కి అవి రెండు వేరు వేరు మాటలు. కంటికి కనపడని జీరో విడ్త్ అక్షరాలు పడే మాటలు కూడా అంతే. ‘గమనిక’లో ఇవేవీ లేవు, సాదా అక్షరాలు, ఎవరు ఏ కీబోర్డుతో కొట్టినా అవే 15 బైట్లు వస్తాయి.

వెర్షన్ల సంగతి ముందే చూసుకోండి. ఉబుంటు 24.04తో వచ్చేది గిట్ 2.43, అంటే ఈ మార్పుకి ముందుది. 22.04లో 2.34, డెబియన్ 12లో 2.39. డెబియన్ 13లో 2.47 ఉంది, అందులో పనిచేస్తుంది. ఉబుంటులో కొత్త గిట్ కావాలంటే గిట్-కోర్ పీపీఏ (ఉబుంటుకి బయటినుంచి జోడించే ప్యాకేజీల చోటు) పెట్టుకోవాలి. కొత్త, పాత మెషీన్లు కలిసి ఉన్న ఆఫీసులో కాన్ఫిగ్‌లో రెండూ రాయండి: ముందు కామెంట్‌చార్ = ";" , దాని కింద కామెంట్‌స్ట్రింగ్ = "గమనిక:". పాత గిట్‌కి రెండోదాని పేరే తెలియదు, పట్టించుకోదు. కొత్త గిట్‌లో తర్వాత వచ్చినదే చెల్లుతుంది. తిరగేసి రాస్తే కొత్తదానిలో కూడా సెమీకోలనే మిగులుతుంది. కామెంట్‌చార్ అన్న పేరు కిందే ‘గమనిక:’ పెట్టారో, పాత గిట్ ఒప్పుకోదు.

నాకు నచ్చని ఇంకో విషయం, ఈ సెట్టింగు రిపోజిటరీతో (ప్రాజెక్టు ఫైళ్లూ చరిత్రా ఉండే చోటు) పాటు ప్రయాణం చెయ్యదు. క్లోన్ చేసుకున్న, అంటే దాని నకలు తీసుకున్న ప్రతివాళ్లూ ఎవరికి వాళ్లు పెట్టుకోవాలి. గిట్‌లో కాన్ఫిగ్ అంతా అంతే, భద్రత కోసం అలా పెట్టారు, కారణం న్యాయమైనదే. మేము రిపోలో ఒక చిన్న కాన్ఫిగ్ ఫైలు పెట్టి, క్లోన్ చేశాక దాన్ని ఇంక్లూడ్.పాత్ తో కలుపుకోమని చెప్తాం. దారి ఇచ్చేటప్పుడు ముందు రెండు చుక్కలు, ఒక స్లాష్ ఉండాలి, ఎందుకంటే దాన్ని డాట్‌గిట్ ఫోల్డర్ లోపలినుంచి లెక్కపెడుతుంది. ఒక్కసారి చేసే పని, కానీ చెయ్యాలి.

ఇదే పని చేసే వేరే సాఫ్ట్‌వేర్లతో పోల్చి చూస్తే, మెర్క్యూరియల్ మొదటినుంచీ ‘హెచ్‌జీ:’ అన్న మాటని కామెంటుగా వాడుతోంది. ఎవరూ మెసేజ్‌లో పొరపాటున రాయని మాట, వెనక కోలన్‌తో సహా. సబ్‌వెర్షన్ ఒకే ఒక్క గీత లైను పెట్టి, దాని కిందవన్నీ వదిలేస్తుంది. జుజుత్సు కూడా ‘జేజే:’ అనే వాడుతుంది. ఇవన్నీ చూశాక గిట్ మొదట్లోనే హ్యాష్ బదులు ఇలాంటిదేదో పెట్టుకుని ఉండాల్సింది అనిపిస్తుంది. టికెట్ నంబర్లకీ, మార్క్‌డౌన్ శీర్షికలకీ అందరూ వాడేది హ్యాషే.

మార్క్‌డౌన్‌లో పొడుగాటి మెసేజ్‌లు రాసేవాళ్లు గుర్తు మార్చకుండా కమిట్.క్లీనప్ ని సిజర్స్ అని పెట్టుకోవచ్చు. కత్తెర గీత పైన ఉన్న హ్యాష్ లైన్లన్నీ నిలుస్తాయి, కిందవి పోతాయి. టెంప్లేట్‌లో హ్యాష్ లైన్లుంటే అవి కూడా నిలిచిపోతాయని గుర్తుంచుకోండి. మాకు టెంప్లేట్ ముఖ్యం కాబట్టి మేము ఈ దారిలో వెళ్లలేదు.

మొత్తానికి నేనిచ్చే రేటింగ్: 2.45, ఆపై వెర్షన్లలో కామెంట్‌స్ట్రింగ్‌కి ఐదుకి నాలుగున్నర, పాత వెర్షన్లలో ఒంటి అక్షరానికి మూడు. ఈ అర మార్కు తగ్గించింది హుక్‌ల గురించి, టెంప్లేట్‌ల గురించి ఒక్క మాటైనా హెచ్చరించనందుకు.

పెట్టుకున్నాక అసలు కమిట్ మీద ప్రయోగం చెయ్యకండి. రెండు లైన్లు, ఒకటి #214 తో, ఒకటి ‘గమనిక:’ తో మొదలయ్యేవి, ప్రింట్ఎఫ్ అనే కమాండ్‌తో గిట్ స్ట్రిప్‌స్పేస్ -ఎస్ లోకి పంపండి. #214 ఒక్కటే తిరిగొస్తే సరిగ్గా కుదిరినట్టు. రెండూ తిరిగొస్తే ఇంకా సెమీకోలనే చెల్లుతోందన్నమాట: మీది పాత గిట్ కావచ్చు, లేదా కాన్ఫిగ్‌లో రెండు లైన్లూ తిరగేసి రాసి ఉండొచ్చు. ‘గమనిక:’ ఒక్కటే తిరిగొస్తే ఇంకా హ్యాషే కామెంటుగా ఉంది: సెట్టింగు పడలేదేమో, లేదా సెమీకోలన్ లైను లేకుండా పాత గిట్ ఉందేమో, వెర్షన్ కూడా చూడండి.